చిరుత తిన్న పశువుకు డబ్బు ఎవరు కట్టాలి?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మంచు చిరుతల గురించి. అక్కేమో మొదట చిరుత గురించి వద్దు, పశువుల లెక్క గురించి మాట్లాడదామంటోంది. సరే, కానివ్వు అక్కా.

అక్క: మరి అసలు గొడవంతా అక్కడే కదరా. హిమాచల్‌లో స్పితి లోయ ఉంది, అందులో కిబ్బర్ అని ఒక ఊరు, నాలుగు వేల మీటర్ల పైన. ఆ చుట్టుపక్కల మూడు ఊళ్లలో 80 ఇళ్లను చారుదత్ మిశ్రా అనే శాస్త్రవేత్త సర్వే చేశాడు. 1997లో అచ్చయింది. ఏడాదిన్నరలో 189 పశువులను తోడేళ్లు, చిరుతలు చంపేశాయని ఊరివాళ్లు చెప్పారు. వాళ్ల మొత్తం పశువుల్లో అది 18 శాతం.

తమ్ముడు: అమ్మో! ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వలేదా?

అక్క: ఇచ్చింది. వాళ్లు చెప్పిన నష్టంలో 3 శాతం.

తమ్ముడు: అది ఆఫీసు చుట్టూ తిరిగిన బస్సు ఛార్జీలకైనా వస్తుందా? మన దగ్గర చిరుత మేకను ఎత్తుకుపోయినా ఇదే కథ. ఫొటో తియ్యాలి, అర్జీ పెట్టుకోవాలి, ఎవరో వచ్చి చూసేదాకా కళేబరాన్ని కదపకూడదు.

అక్క: అలాంటప్పుడు కాపరికి కడుపు మండదూ? అతన్ని కూర్చోబెట్టి "ఇది అరుదైన జంతువు బాబూ" అంటే ఏం వింటాడు? ఇక్కడే స్నో లెపర్డ్ ట్రస్ట్ వస్తుంది. అమెరికాలో సియాటిల్ జూలో పనిచేసిన హెలెన్ ఫ్రీమన్ అనే ఆవిడ మంచు చిరుతలను కాపాడటానికి 1981లో పెట్టిన సంస్థ ఇది. ఈ చిరుత 12 దేశాల్లో ఉంది. వీళ్లు భారత్, మంగోలియా, కిర్గిజ్‌స్తాన్, పాకిస్తాన్, చైనాల్లో స్థానిక సంస్థలతో కలిసి పనిచేస్తారు. మన దేశంలో మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌తో.

తమ్ముడు: పరిహారం వాళ్లే ఇస్తారా?

అక్క: ఇవ్వరు, నాకు నచ్చిందే అది. కిబ్బర్‌లో ఊరివాళ్లే బీమా నడుపుతారు. జడల బర్రెకు ఇంత, గుర్రానికి ఇంత అని ప్రీమియం వాళ్లే కడతారు. మొదట్లో సంస్థ కొంత కలిపింది. పశువు పోతే ఊరి కమిటీ వెళ్లి చూస్తుంది, కమిటీయే తేలుస్తుంది.

తమ్ముడు: జబ్బుతో చచ్చినదాన్ని చిరుత మీదికి తోసేస్తే?

అక్క: సర్కారు డబ్బయితే తోసేస్తారు, అడిగేవాడు ఉండడు. ఇక్కడ ఆ డబ్బు పక్కింటివాడిది. నీ జడల బర్రె ఎన్నాళ్లుగా కుంటుతోందో వాడికి తెలియదా? ఊళ్లో దాన్ని దాచడం ఎవరి తరం!

తమ్ముడు: నిజమే, ఊళ్లో ఏదీ దాగదు. సరే, ఇంట్లో కట్టేసిన గొర్రెల సంగతేంటి?

అక్క: అది ఇంకా ఘోరం. దొడ్డికి పైకప్పులో గాలి కోసం ఒక కంత వదులుతారు. చిరుత రాత్రిపూట అందులోంచి లోపలికి దూకుతుంది. గొర్రెలు బెదిరి అటూ ఇటూ పరుగెడుతుంటే అది కూడా కంగారుపడి అందినదాన్నల్లా కరుస్తుంది. తినేది ఒక్కదాన్నే, చచ్చేవి చాలా. తెల్లారి తలుపు తీసిన మనిషి ఏం చేస్తాడో నువ్వే ఆలోచించు.

తమ్ముడు: కర్ర పట్టుకుంటాడు.

అక్క: అందుకే ఆ కంత మీద ఇనుప జాలీ బిగించారు, గట్టి తలుపు పెట్టారు. అంతే, పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. అది లోపలికి రాకపోతే గొడవే లేదు.

తమ్ముడు: మంగోలియాలో ఉన్నితో ఏదో పథకం ఉందట కదా?

అక్క: దాని వెనక బయారా అనే ఆవిడ ఉంది, పూర్తి పేరు బయర్జర్గల్ అగ్వాంత్సెరెన్. భాషలు చెప్పే టీచరు. మంచు చిరుతల శాస్త్రవేత్తకు దుబాసీగా వెళ్లి, ఆ పనిలోనే ఉండిపోయింది. కాపరుల ఇళ్లలో ఆడవాళ్లు ఉన్ని ముడిసరుకుగా అమ్ముకుంటే దళారీలు ఇచ్చినంతే. అదే ఉన్నిని తడిపి, అదిమి ఫెల్ట్ చేసి బొమ్మలు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు కుడితే మంచి ధర. 1998లో మొదలుపెట్టారు. విదేశాల్లో జూల దుకాణాల్లో అమ్ముతారు. ఒక షరతు ఉంది. ఆ ప్రాంతంలో ఎవరూ చిరుతను గానీ, అది తినే కొండగొర్రెలను గానీ వేటాడకూడదు. ఏడాదంతా మాట నిలబెట్టుకుంటే అందరికీ బోనస్. ఒక్కడు తప్పినా ఎవరికీ రాదు.

తమ్ముడు: ఆగక్కా, ఇది నాకు నచ్చలేదు. ఎవడో తాగుబోతు తుపాకీ పేలిస్తే, సంవత్సరమంతా సూది పట్టుకున్న ఆవిడ బోనస్ పోవాలా? వాణ్ని ఆవిడ ఆపగలదా?

అక్క: ఆపలేకపోవచ్చు. కానీ వాడి భార్య, వాడి వదిన కూడా అదే గుంపులో కుడుతుంటారు. పోలీసు ఏడాదికోసారి వస్తాడు. వదిన రోజూ కనిపిస్తుంది.

తమ్ముడు: వదిన చేత కాపలా కాయించడమేగా ఇది? డబ్బిచ్చేవాళ్లు ఎక్కడో కూర్చుని, మాటలు పడేది మాత్రం ఈవిడ.

అక్క: ఆ బరువు ఆడవాళ్ల మీదే పడుతుందన్నది ఒప్పుకుంటా. కానీ వాళ్లు అమ్మిన సరుకు ధర పోదురా, పైన ఇచ్చే బోనసే పోతుంది. షరతు కూడా ఊళ్లో కూర్చుని మాట్లాడి సంతకం పెట్టిందే. నాకు అనుమానం ఇంకోచోట ఉంది. జూకు వచ్చేవాళ్లు ఫెల్ట్ బొమ్మలు కొనడం మానేస్తే ఏమవుతుంది?

తమ్ముడు: అదీ నిజమే. ఒక్క దారి మీదే ఆధారపడితే కష్టం.

అక్క: అందుకే ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి. పాకిస్తాన్ కొండల్లో పశువులకు టీకాలు వేయిస్తారు. ఎందుకంటే చిరుత కంటే రోగాలే ఎక్కువ పశువులను తీసుకుపోతాయి. రోగంతో పోయేవి తగ్గితే, చిరుత ఒకటి పట్టుకెళ్లినా కాపరి తట్టుకోగలడు.

తమ్ముడు: మరి చిరుతలుండే కొండల్లో గనులు తవ్వుతామంటే? బీమాతో, ఉన్ని బొమ్మలతో గనుల కంపెనీని ఆపలేం కదా.

అక్క: ఆపింది బొమ్మలు కాదు, వాటి వల్ల ఒకచోట కూర్చోవడం అలవాటైన మనుషులు. మంగోలియా దక్షిణాన, గోబీ ఎడారిలో తోస్త్ అని కొండలున్నాయి. అక్కడ 2008 నుంచి చిరుతల మెడకు జాడ తెలిపే కాలర్లు తొడిగి పరిశోధన చేస్తున్నారు. ఆ కొండల మీద గనులకు లైసెన్సులు ఇచ్చేశారు. బయారా, అక్కడి కాపరులు ఏళ్లతరబడి అధికారుల చుట్టూ తిరిగారు. 2016లో పార్లమెంటు దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సుమారు 7 వేల చదరపు కిలోమీటర్లు. తర్వాత లోపలున్న 37 లైసెన్సులూ రద్దయ్యాయి. 2019లో బయారాకు గోల్డ్‌మన్ ప్రైజ్ వచ్చింది, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లకు ఇచ్చే బహుమతి అది.

తమ్ముడు: మన దేశంలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

అక్క: 2024 జనవరిలో కేంద్రం లెక్క చెప్పింది, 718. అందులో 477 లద్దాఖ్‌లోనే. హిమాచల్‌లో అంతకుముందు చేసిన సర్వేలో 51 అని తేలింది. ఆ సర్వేకి కొండలెక్కి కెమెరాలు కట్టినవాళ్లు ఎవరనుకున్నావ్? కిబ్బర్ కుర్రాళ్లే.

తమ్ముడు: ఆ 189 పశువులు పోయిన ఊళ్ల వాళ్లేనా!

అక్క: ఆ చుట్టుపక్కల వాళ్లే. అలాగని చిరుతంటే ఇప్పుడు ప్రేమ కారిపోతోందని కాదు. జడల బర్రె పోతే ఇప్పటికీ తిడతారు. తిట్టి, కమిటీకి కబురు పెడతారు.

తమ్ముడు: వదిన బోనస్ మీద మాత్రం నేను ఒప్పుకోలేదక్కా.

అక్క: ఒప్పుకోకు. వినేవాళ్లు ఏమంటారో చెప్పమను. వచ్చే వారం వాళ్ల మాటలతోనే మొదలుపెడదాం.