ఈ హెడర్ ఎవరిది?

మిత్రులందరికీ నమస్కారం. విజయనగరంలో సి భాష మీద ఇంత ఇష్టమున్నవారిని ఒకేచోట చూడటం నాకు పండుగలా ఉంది.

హెడర్ అంటే ప్రోగ్రాములోకి కలుపుకునే నిర్వచనాల ఫైలు. ఒకే పేరును రెండుసార్లు నిర్వచిస్తే వచ్చే 'రీడెఫినిషన్' ఎర్రర్ నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసేవారికి పరిచయమే. ఐపీవీ6 అనే ఇంటర్నెట్ చిరునామాను దాచే స్ట్రక్చర్ సి లైబ్రరీ హెడర్‌లోనూ ఉంది, లైనక్స్ మూలభాగమైన కర్నెల్ హెడర్‌లోనూ ఉంది. రెండుచోట్లా 16 బైట్లే. లోపలి యూనియన్ (ఒకే జాగాను పలు రూపాల్లో చూపే భాగం) పేరుకు జీలిబ్‌సీ అనే సి లైబ్రరీలో ముందు రెండు అండర్‌స్కోర్లు ఉంటాయి, కర్నెల్‌లో ఉండవు. అచ్చుగుద్దినట్టున్న నిర్వచనాలు రెండుంటే సి భాష సీ23 ప్రమాణం ఊరుకుంటుంది. ఈ అండర్‌స్కోర్ల వల్ల ఆ వెసులుబాటు కూడా ఇక్కడ దక్కదు.

నేను ఒకప్పుడు కర్నెల్ హెడర్‌లో ఆ వరుసలు చెరిపేసి పని కానిచ్చాను. అప్‌డేట్ రాగానే అవి మళ్లీ వచ్చి కూర్చున్నాయి. తగువు రెండు ప్రాజెక్టుల మధ్య ఉన్నప్పుడు మన కంప్యూటర్‌లో తీర్చుకుంటే తీరదు.

2013లో లైనక్స్ 3.12తో కర్నెల్, జీలిబ్‌సీ వారు ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు వచ్చిన హెడర్ స్ట్రక్చర్‌ను ఇస్తుంది, వెనుక వచ్చినది తప్పుకుంటుంది. దీనికోసం కర్నెల్ తన హెడర్ ఫైలు ఒకదానిలో ఒక మాక్రోను (కంపైల్‌కు ముందే విలువ ఇచ్చే పేరును) 1 గానో 0 గానో పెడుతుంది; 0 అంటే తప్పుకోమని. చక్కని ఏర్పాటు. అయితే ఆ ఫైలు మొదట అడిగేది 'నువ్వు జీలిబ్‌సీవేనా' అని. మజల్ అనే మరో సి లైబ్రరీ తన పేరు చెప్పే మాక్రోను కావాలనే పెట్టుకోలేదు. దాంతో ఒప్పందం దానికి వర్తించలేదు.

వాన వెలిశాక పొలానికి వెళ్లిన రైతు గట్టు పడిందా లేదా అని చూస్తాడు. పక్క రైతు ఇంటిపేరుతో అతనికి పనిలేదు. హెడర్ కూడా అలాగే అడగాలని నా గట్టి నమ్మకం. లైనక్స్ 4.15లో అదే జరిగింది: ఏ లైబ్రరీ అయినా ఆ మాక్రోను తానే ముందుగా 0 చేస్తే కర్నెల్ తప్పుకుంటుంది. మజల్ హెడర్ అలాగే చేస్తుంది.

ఒక చిక్కు మిగిలింది. జీలిబ్‌సీతో ఏ హెడర్‌ను ముందు పెట్టినా సర్దుకుంటుంది, మజల్‌తో మాత్రం లైబ్రరీ హెడరే ముందుండాలి.

ఇప్పుడు మీ కంప్యూటర్లు తెరవండి. జీలిబ్‌సీ వాడే డెబియన్ లైనక్స్‌లో ఒకసారి, మజల్ వాడే ఆల్పైన్ లైనక్స్‌లో ఒకసారి, పది వరుసల ప్రోగ్రాములో ఈ రెండు హెడర్లనూ అటూ ఇటూ మార్చి కంపైల్ చేద్దాం. వచ్చిన ఎర్రర్‌లో ఏ ఫైలు పేరు ముందుందో రాసుకోండి.