రోలర్ వెనక పసుపు పెట్టె

అందరికీ నమస్కారం. మొదలుపెట్టేముందు ఒకటి అడుగుతాను, ఇక్కడ రోలర్ నడిపేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒకసారి చేతులెత్తండి. మంచిది, ఈరోజు నేను చెప్పేది ముఖ్యంగా మీకోసమే. న్యూక్లియర్ గేజ్ మీద ట్రైనింగ్ అనగానే గేజ్ పట్టుకునే టెక్నీషియన్ని పిలుస్తారు, సైట్ ఇంజనీర్ని పిలుస్తారు, రోలర్ మీద కూర్చునే మనిషిని మాత్రం పిలవరు. అది పెద్ద తప్పని నా అభిప్రాయం. ఎందుకంటే సైట్‌లో గేజ్ నలిగిందంటే అది చాలాసార్లు రోలర్ కిందో, గ్రేడర్ కిందో, వెనక్కి వస్తున్న టిప్పర్ కిందో పడే నలుగుతుంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పోసి తొక్కించిన మట్టి గానీ తారు గానీ ఎంత గట్టిపడిందో, అందులో తేమ ఎంత ఉందో కొలిచే యంత్రం ఇది. చేత్తో మోసుకుపోవచ్చు. కడ్డీ చివర సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, దీన్నే సోర్స్ అంటాం. సాధారణంగా 8 మిల్లీక్యూరీలు, అంటే రేడియోధార్మికతని కొలిచే లెక్క. కడ్డీని మట్టిలోకి దింపితే గామా కిరణాలు మట్టిని దాటుకుంటూ గేజ్ అడుగున ఉన్న డిటెక్టర్‌కి చేరతాయి. మట్టి ఎంత గట్టిగా ఉంటే అంత తక్కువ చేరతాయి, లెక్క అంతే. తేమ కోసం గేజ్ లోపల అమెరీషియం-బెరీలియం ఇంకొకటి ఉంటుంది, 40 మిల్లీక్యూరీలు, అది న్యూట్రాన్లు ఇస్తుంది. సీజియం సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది, అమెరీషియానికి 432 ఏళ్లు. కాబట్టి "పాత గేజేలే, ఇందులో ఇంకేం మిగిలుంటుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు భయం సంగతి. లేనిపోని భయం పెట్టడం నాకిష్టం లేదు, అలాగని తేలిగ్గా తీసిపారేయడం కూడా ఇష్టం లేదు. సీజియం సోర్స్ ఏ అడ్డూ లేకుండా బయట పడి ఉందనుకోండి, మీటరు దూరంలో గంటకి సుమారు 26 మైక్రోసీవర్టులు వస్తుంది. ఒంటికి తగిలే రేడియేషన్ డోసుని సీవర్టుల్లో కొలుస్తారు. మామూలు జనానికి ఏడాది మొత్తానికి పరిమితి 1 మిల్లీసీవర్టు, అంటే వెయ్యి మైక్రోసీవర్టులు; ఆ మీటరు దూరంలో దాదాపు 38 గంటలు నిలబడితే గానీ అంత రాదు. 5 మీటర్లు జరిగితే గంటకి 1 మైక్రోసీవర్టే. అదే వేళ్లతో పట్టుకుంటే? ఒక సెంటీమీటరు దగ్గర గంటకి 260 మిల్లీసీవర్టుల వరకూ ఉంటుంది. దూరం పదో వంతుకి తగ్గితే డోసు వందరెట్లు పెరుగుతుంది మరి. అందుకే నలిగిన గేజ్ ముక్కల్ని చేత్తో ఏరడం అన్నిటికంటే చెడ్డ పని.

అసలు ఎలా నలుగుతుందో చూద్దాం. టెక్నీషియన్ గేజ్‌ని మట్టి మీద పెట్టి, కడ్డీ దింపి, రీడింగ్ మొదలుపెడతాడు, నిమిషం ఆగాలి, ఈలోపు ఫోన్ మోగుతుంది, లేదా సూపర్‌వైజర్ "ఒక సంతకం పెట్టి వెళ్లు" అంటాడు, లేదా తర్వాతి పాయింట్ గుర్తు పెట్టుకుందామని నాలుగడుగులు వేస్తాడు, అప్పుడే రోలర్ రివర్స్‌లో వస్తుంది. మోకాలి ఎత్తు కూడా లేని పెట్టె, వెనక డ్రమ్ముకి దగ్గరగా ఉంటే సీట్లోంచి కనబడదు. ఇందులో దురుద్దేశం ఎవరికీ లేదు. డ్రైవర్ తన పని తను చేశాడు, టెక్నీషియన్ రెండు నిమిషాలు పక్కకెళ్లాడు.

సోర్స్‌ని రెండు పొరల స్టీలు గొట్టంలో పెట్టి వెల్డింగ్ చేస్తారు కాబట్టి, పైపెట్టె పిండి అయినా లోపలి సోర్స్ చెక్కుచెదరకుండా దొరకడమే ఎక్కువ. చిక్కంతా కడ్డీతోనే. రీడింగ్ తీసేటప్పుడు కడ్డీ కిందికి దిగి ఉంటుంది, అది వంగిపోతే తిరిగి పైకి, కవచంలోకి వెళ్లదు. అప్పుడు సుత్తితో కొట్టి లోపలికి పంపాలని చూడొద్దు.

రోలర్ నడిపే అన్నలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. డ్రమ్ము కింద ఏదో కరకరలాడిందని తెలియగానే మనసు "బండి పక్కకి తియ్యి" అంటుంది. తియ్యకండి. అక్కడే ఆపి, దిగి, దూరంగా నడిచి వెళ్లండి. సోర్స్ ఒకవేళ పగిలి ఉంటే ఆ పొడి డ్రమ్ముతోపాటు సైట్ అంతా తిరుగుతుంది. రేడియేషన్ కొలిచే మీటరుతో పరీక్షించి చూసేదాకా బండి అక్కడే ఉండాలి. చుట్టూ కనీసం 5 మీటర్లు ఎవర్నీ రానివ్వకుండా తాడు కట్టండి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యండి, అప్పుడు దగ్గర్లో ఉన్నవాళ్లని ఇంటికి పంపేయకుండా ఒకచోట ఉంచండి. కాంక్రీటు ఎండిపోతోంది, పని ఆగిపోతోంది అని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే.

చెప్తే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడి, నలిగిన గేజ్‌ని గోనెసంచిలో చుట్టి స్టోర్‌రూమ్‌లో పడేయాలని ఎవరికైనా అనిపించవచ్చు. అలా పడేస్తే, ఆ గదిలోనే రోజూ అన్నం తినే వాచ్‌మన్‌కి అందులో ఏముందో తెలియదు. నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే. మేనేజర్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ల ముందే అడుగుతున్నాను, వెంటనే వచ్చి చెప్పినవాడిని శిక్షించకండి. శిక్షిస్తే ఇంకోసారి ఎవరూ చెప్పరు.

ఇక గేజ్‌ని బండి వెనక పెట్టుకుని తీసుకెళ్లేటప్పుడు జారి పడిపోవడం, దొంగతనం సంగతి. దొంగకి గేజ్ అక్కర్లేదు, అతనికి కనబడేది ఖరీదైన పెట్టె మాత్రమే. అందుకే అమెరికా అణు నియంత్రణ సంస్థ 2005 నుంచి, గేజ్ మన కళ్లెదుట లేనప్పుడు దానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అడ్డంకులు ఉండాలని రూల్ పెట్టింది. పెట్టెకి తాళం, ఆ పెట్టెని బండికి కట్టిన గొలుసుకి వేరే తాళం, ఇలాగన్నమాట. రెండింటికీ ఒకే తాళంచెవి పెట్టి, దాన్ని బండిలోనే వదిలేస్తే దానికి అర్థం లేదు.

చిన్న వస్తువే కదా అనిపిస్తుంది. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గని నుంచి రిపేరుకి పంపిన గేజ్‌లో బోల్టు కుదుపులకి ఊడి, 8 మిల్లీమీటర్ల సీజియం గుళిక రోడ్డు మీద పడిపోయింది. అది ఒకచోట బిగించి వాడే రకం, మనదానికంటే అరవై రెట్లకి పైగా శక్తి ఉంది. 1,400 కిలోమీటర్ల దారి వెంట వెతికి ఫిబ్రవరి 1న రోడ్డు అంచు పక్కన పట్టుకున్నారు. బ్రెజిల్‌లోని గోయానియాలో 1987లో పాడుబడిన ఆసుపత్రి యంత్రం తుక్కు కొట్టుకి చేరి, అందులోని సీజియం వల్ల నలుగురు చనిపోయారు. ఆ సోర్స్ మన గేజ్ కంటే లక్ష రెట్లకి పైగా పెద్దది, రెండింటినీ ఒకే గాటన కట్టను. కానీ అక్కడా దాన్ని విప్పినవాళ్లకి లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు.

ఇంక మాటలు చాలు. సోర్స్ లేని ఖాళీ గేజ్ ఒకటి తెచ్చాను, బయట ఆపి ఉన్న రోలర్ వెనక పెట్టించాను. టెక్నీషియన్లు ముందు ఎక్కండి. సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూసి, అది కనబడుతుందో లేదో దిగి వచ్చి నాకు చెప్పండి.