అగూటీకి మతిమరుపు లేదు, చుట్టూ దొంగలున్నారు

[కెమెరా ముందు. చేతిలో స్టీలు పోపుల డబ్బా.]

మళ్లీ వచ్చిందండీ, అదే ఫార్వర్డు. "ఈ చిన్ని జంతువు గింజలు పాతిపెట్టి, ఎక్కడ పాతిందో మర్చిపోతుంది. ఆ మతిమరుపు వల్లే అడవి పెరుగుతోంది." కింద వరసగా దణ్ణాలు పెట్టే బొమ్మలు. ఈసారి పంపింది మా బాబాయి. బాబాయ్, నీ మీద గౌరవంతోనే ఈ వీడియో చేస్తున్నా.

ఆ జంతువు పేరు అగూటీ. దానికి మతిమరుపేమీ లేదు. అసలు కథ దొంగతనాలది. నాకైతే ఇదే బాగుంది, ఆ నీతికథ కంటే.

[స్క్రీన్ మీద అగూటీ ఫొటో]

ఇదీ ఆకారం. రెండు నుంచి నాలుగు కిలోలుంటుంది. తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. కాళ్లు చూడండి, పుల్లల్లా ఎంత సన్నగా ఉన్నాయో. హైదరాబాద్ జూలో పెంచి నల్లమలలో వదిలారే, మూషిక జింక, దాన్ని చూసినవాళ్లకి ఇది దాని చెల్లెల్లా అనిపిస్తుంది. కానీ చుట్టరికమే లేదు. ఇది ఎలకల జాతి, గినీపిగ్‌కి దగ్గర బంధువు. దక్షిణ మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా ఉంటుంది. బ్రెజిల్‌లో కుతియా అంటారు, కోస్టారికాలో గ్వాతూసా.

ఇప్పుడు ఈ డబ్బా దగ్గరికి రండి.

మా అమ్మమ్మకి బ్యాంకు మీద నమ్మకం లేదు. డబ్బంతా ఒకచోట పెట్టేది కూడా కాదు. ఆవాల కింద ఒక నోటు, మినప్పప్పు డబ్బాలో ఒకటి, పట్టుచీర మడతలో ఒకటి, పరుపు కింద ఇంకోటి. ఎందుకూ అంటే, "ఒకచోట పెడితే ఒక్క దొంగ చాలురా" అనేది. అగూటీ లెక్క కూడా అచ్చం ఇదే. పళ్లు బాగా రాలే రోజుల్లో కడుపు నిండాక మిగిలిన గింజల్ని ఒక్కొక్కటిగా తీసుకెళ్లి, ఒక్కో గుంటలో ఒక్కోటి పాతుతుంది. ముందు గింజకి అంటుకున్న గుజ్జంతా పళ్లతో ఒలిచేస్తుంది. ముందుకాళ్లతో చిన్న గుంట తీసి, గింజ పెట్టి, మట్టి కప్పి అదుముతుంది. పైన ఆకులు కూడా లాగుతుంది. అన్నీ కుప్పగా పెడితే అడవిపంది ఒక్కటొచ్చి ఒక్క పూటలో ఊడ్చేస్తుంది కదా.

మర్చిపోవడం సంగతి చెప్తాను. అమ్మమ్మ నోటుకి ఇంగువ వాసన వచ్చేది. వాసన చూసి అది ఏ డబ్బాలోదో మేం చెప్పేసేవాళ్లం. అగూటీకీ అంతే, చోటు గుర్తుంటుంది, దానికి తోడు ముక్కు ఉంది. చిక్కల్లా ఏంటంటే, పక్క అగూటీకి కూడా ముక్కు ఉంది!

[స్క్రీన్ మీద: పనామా, బారో కొలరాడో దీవి]

ఇది పనామాలో. కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టారు. గాటూన్ జలాశయం నిండి చుట్టుపక్కలంతా మునిగిపోతే, ఒక కొండ మాత్రం దీవిగా మిగిలింది. అమెరికాకి చెందిన స్మిత్సోనియన్ అనే సంస్థవాళ్ల పరిశోధనా కేంద్రం అక్కడే ఉంది. ప్యాట్రిక్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త బృందం ఒక పని చేసింది. ఒళ్లంతా ముళ్లుండే ఒకరకం తాటిచెట్టు ఉంది అక్కడ, దాని గింజలకి చిట్టి రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టారు. పాతిన చోట్ల కెమెరాలు పెట్టారు. ఏ అగూటీ ఏదో తెలిసేలా వాటికి గుర్తులు కూడా వేశారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి.

ఏం తేలింది? పాతిన గింజని తవ్వుకెళ్లేది చాలాసార్లు పాతినది కాదు, వేరేది! అదైనా తింటుందా? తినదు. కొంతదూరం మోసుకెళ్లి మళ్లీ పాతుతుంది. దాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. ఒక గింజనైతే అగూటీలు 36 సార్లు పాతాయి. నేను తప్పు చెప్పలేదు, ముప్ఫై ఆరే.

మళ్లీ డబ్బా. ఉమ్మడి కుటుంబంలో నలుగురు తోటికోడళ్లనుకోండి. పెద్దావిడ ఆవాల కింద నోటు దాచింది. రెండో ఆవిడ చూసి తీసి తన బియ్యం డబ్బాలో దాచింది. మూడో ఆవిడ దాన్ని తీసి పెరటి గదిలో దాచింది. ఎవరూ ఖర్చుపెట్టరు, అందరూ దాస్తారు. నోటు మాత్రం ఇల్లు దాటి, వీధి దాటి నడుచుకుంటూ పోతుంది. ఆ గింజ మొత్తం 749 మీటర్లు తిరిగి, చెట్టుకి 280 మీటర్ల దూరం చేరింది. 209 రోజుల తర్వాత ఒక అగూటీ తవ్వి తినేసింది. అంత తిరిగీ చెట్టు కాలేదు పాపం. కానీ మొత్తం లెక్క చూస్తే, గింజల్లో దాదాపు 35 శాతం వంద మీటర్లకి పైగా వెళ్తాయని వాళ్ల అంచనా. ఒక్క అగూటీ ఒక్కసారిలో అంత దూరం మొయ్యదు. దొంగలు చేతులు మార్చబట్టే వెళ్లింది.

దూరం ఎందుకంత ముఖ్యం అంటే, తల్లిచెట్టు కింద పడ్డ గింజని పురుగులు పట్టేస్తాయి. అసలు ఇంత లావు గింజలు అగూటీ కోసం తయారైనవి కావు. "కరి మింగిన వెలగపండు" అంటాం కదా. కరి అంటే ఏనుగు కాదు పురుగు అనేవాళ్లున్నారు, దయచేసి కామెంట్లలో ఆ గొడవ మొదలుపెట్టకండి. నాకిక్కడ ఏనుగే కావాలి. పెద్ద పండుని మింగి, దూరంగా పేడలో గింజ వదలాలంటే ఏనుగంత జంతువుండాలి. ఒకప్పుడు అమెరికా ఖండాల్లో ఉండేవి కూడా. గోంఫోథీర్లని, ఏనుగుల దూరపు చుట్టాలు. పదివేల ఏళ్ల కిందటే పోయాయి. మరి ఆ చెట్లెలా బతికాయి? జాన్సెన్ బృందం జవాబు: ఏనుగు చేసే పనిని ఈ దొంగల ముఠా చేస్తోంది.

"దొంగలందరూ తెలివైనవాళ్లే అయితే చెట్టు ఎలా మొలుస్తుంది?" మంచి ప్రశ్న. ఒకటి, దాచినావిడే పోవచ్చు. అడవిలో ఆసిలాట్ అని మచ్చల పిల్లి ఉంటుంది, దానికి అగూటీ అంటే ప్రాణం. యజమాని పోతే గింజ దిక్కులేనిదైపోతుంది. రెండోది నాకు భలే ఇష్టం. అమ్మమ్మ పోయాక, వంటిల్లు సర్దుతుంటే మెంతుల డబ్బాలో పాత అయిదొందల నోటు దొరికింది. అప్పటికి 2016 నవంబరు దాటిపోయింది. చెల్లదు. ఎదురుగా పడి ఉన్నా ఎవరూ ముట్టుకోలేదు. గింజకీ అంతే. మొలకెత్తి, లోపలున్న ఆహారమంతా మొక్క లాగేసుకుందంటే ఆ నోటు రద్దయినట్టే. ఇక దాన్ని తవ్వి లాభం లేదు.

[టైమర్ మోగుతుంది]

అయ్యో, డబ్బాతోనే సగం టైమ్ అయిపోయింది. గబగబా చెప్పేస్తా.

బ్రెజిల్ నట్. డ్రైఫ్రూట్ షాపులో చూసే ఉంటారు. ఆ గింజలు చెట్టు మీద కొబ్బరి చిప్పలాంటి గట్టి కాయలో ఉంటాయి, ఒక్కోదాంట్లో పదికి పైనే. మనుషులు కత్తితో నరకాల్సిందే. అగూటీ పిర్రల మీద కూర్చుని, కాయని ముందుకాళ్లతో పట్టుకుని, ఉలిలాంటి పళ్లతో కొరికి చిల్లు పెడుతుంది. మిగతా కథ మీకు తెలిసిందే: కొన్ని తింటుంది, కొన్ని పాతుతుంది. "ప్రపంచంలో ఆ కాయ తెరవగలిగేది ఇదొక్కటే" అని రాస్తుంటారు, అదీ అతిశయమే. రాళ్లతో పగలగొట్టే కపూచిన్ కోతులున్నాయి.

సంసారం: మగది ఆడదాని మీద మూత్రం చిమ్ముతుంది, అది గంతులేస్తుంది. అక్కడ ప్రేమంటే అదే. పిల్లలు కళ్లు తెరుచుకునే పుడతాయి, కాసేపటికే పరుగెడతాయి.

భయపడితే మొరుగుతుంది, పిర్రల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కోతులు చెట్టు మీద తింటుంటే కింద తిరుగుతూ రాలినవి ఏరుకుంటుంది.

చివరిది. రియో డి జనీరో నగరం మధ్యలో తిజూకా అడవి ఉంది. కాఫీ తోటల కోసం నరికేస్తే, 19వ శతాబ్దంలో మళ్లీ నాటి పెంచిన అడవి. చెట్లొచ్చాయి గానీ కుతియాలు లేవు. 2010 ప్రాంతంలో తెచ్చి వదిలారు. అక్కడ కుతియేరా అనే చెట్టుంది, పేరులోనే కుతియా ఉంది. వీటిని వదలకముందు దాని లావుపాటి గింజల్ని మోసేవాళ్లే లేరు. ఇప్పుడు చెట్టు కింద గింజలు మాయమవుతున్నాయి, వెతికితే కొంచెం అవతల, మట్టి కింద, ఒక్కో గుంటలో ఒక్కోటి. ఎవరు పాతారో, ఎవరి దగ్గర కొట్టేసి పాతారో మాత్రం నన్నడగకండి.