కంగారుతోనే ఇంటర్వ్యూకి వెళ్ళండి

(డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థులకు క్యాంపస్ ఇంటర్వ్యూల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, ప్లేస్‌మెంట్ల బాధ్యత చూస్తున్న అధ్యాపకులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ఆఖరి సంవత్సరం పిల్లలకు నమస్కారం. శాలువాల కార్యక్రమం ఏదైనా ఉంటే దయచేసి మానేయండి, ఆ పది నిమిషాలు కూడా నాకే ఇవ్వండి. వచ్చే వారమే ఇంటర్వ్యూలు. చెప్పాల్సింది చాలా ఉంది.

"పిల్లలకు కాస్త ధైర్యం చెప్పండి" అని నన్ను పిలిచారు. నేను ధైర్యం చెప్పను. "భయపడకు" అన్న మాట ఇంట్లో, క్లాసులో, హాస్టల్లో ఈపాటికి అందరూ మీకు చెప్పే ఉంటారు. ఆ మాట విన్నాక భయం తగ్గినవాళ్ళు ఒక్కరుంటే చెయ్యెత్తండి. చూశారా? తగ్గదు. ఉన్న భయానికి తోడు "అయ్యో, నేను భయపడుతున్నానే" అన్న ఇంకో భయం మొదలవుతుంది. అందుకని ముందు ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి.

గది బయట కుర్చీలో మీ పేరు పిలిచే ముందు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మం కింది సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే వేళ్ళు చల్లబడతాయి. లాలాజలం తగ్గి చిక్కబడుతుంది, అందుకే నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది, అందుకే మొదటి వాక్యంలో గొంతు వణుకుతుంది. ఇది జబ్బు కాదు, పిరికితనమూ కాదు. రక్తంలో చేరిన అడ్రినలిన్ నిమిషాల్లోనే తగ్గిపోతుంది. మెదడు నుంచి మళ్ళీ మళ్ళీ కబురు అందుతుంటేనే కొత్తగా ఊరుతుంది. చాలామందికి మొదటి రెండు మూడు నిమిషాలే గడ్డుకాలం. ఆ కాసేపు ఎలా గట్టెక్కాలన్నదే అసలు సంగతి.

జర్మనీలో ట్రియర్ విశ్వవిద్యాలయం ఉంది. మనుషులకు ప్రయోగశాలలో కంగారు పుట్టించి కొలవాలంటే ఏం చేయాలని అక్కడి పరిశోధకులు ఆలోచించి 1993లో ఒక పద్ధతి ప్రకటించారు. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్నారు. ఆ పద్ధతిలో ఏం చేయిస్తారో తెలుసా? ఉద్యోగ ఇంటర్వ్యూనే! "ఈ ఉద్యోగానికి నువ్వెందుకు తగినవాడివో అయిదు నిమిషాలు చెప్పు" అంటారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వరు, తలూపరు, అలా చూస్తూ ఉంటారు. తర్వాత 1022 నుంచి పదమూడు చొప్పున తీసేస్తూ బిగ్గరగా లెక్కపెట్టమంటారు. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి. కంగారు పుట్టించడానికి శాస్త్రవేత్తలే ఏరికోరి ఎంచుకున్న పని అది. మీకు కాళ్ళు వణికితే అందులో వింతేముంది?

ఇంకో మాట గమనించండి. ఎదుటివాళ్ళ మొహంలో ఏ భావమూ లేకపోవడమే ఆ పరీక్షలో సగం బలం. రేపు మీ ఎదురుగా కూర్చునే ఆయన కూడా తలొంచుకుని రాసుకుంటూ ఉంటాడు. ఆయనకు మీరు నచ్చలేదని కాదు. ఒక రోజులో అంతమందిని చూసేవాడు రాసుకోకపోతే సాయంత్రానికి ఎవరేం చెప్పారో గుర్తుండదు.

ఇక ఊపిరి సంగతి. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ అంటారు. పిల్లలు ఏం చేస్తారు? గబగబా పదిసార్లు ఛాతీ నిండా పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, పెదాలు, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. కళ్ళు తిరిగి పడిపోతానేమోనని ఇంకా కంగారు. చేయాల్సింది దీనికి తలకిందులు. ముక్కుతో మామూలుగా నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెట్టుకుంటూ మెల్లగా వదలండి. నిమిషానికి ఆరుసార్లు. గుండె నెమ్మదించేది వదిలేటప్పుడు, అందుకే వదలడమే పొడుగ్గా ఉండాలి. అయిదు నిమిషాలు చాలు. అయితే ఇవాళ్టి నుంచే రోజూ రాత్రి చేయండి. ఆ రోజు మొదటిసారి ప్రయత్నిస్తే లెక్క తప్పుతుంది.

"శాంతంగా ఉండు, శాంతంగా ఉండు" అని మనసుకు చెప్పుకోవడం కూడా అంతగా పనిచేయదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు "నేను శాంతంగా ఉన్నాను" అన్నవాళ్ళకన్నా "నాకు హుషారుగా ఉంది" అని పైకి అన్నవాళ్ళే బాగా మాట్లాడారు. గుండె దడ కంగారుకూ హుషారుకూ ఒకటే కదా. దడను ఆపలేం, దాని పేరు మార్చుకోగలం.

ఇప్పుడు దుస్తులు, కూర్చునే తీరు గురించి చెబుదామనుకున్నాను. అవి మీ సార్లు చెబుతారు. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది వేరే ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. జిరాక్స్ షాపుల్లో దొరికే సెల్ఫ్ ఇంట్రడక్షన్ కాగితం! ఇక్కడ ఎంతమంది దగ్గరుందో నేను అడగను. "మైసెల్ఫ్ ఫలానా. ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ నరసరావుపేట. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్ వైఫ్. మై స్ట్రెంగ్త్స్ ఆర్ హార్డ్ వర్క్ అండ్ సెల్ఫ్ కాన్ఫిడెన్స్." ఊరు పేరు మారుతుంది, మిగతాదంతా అదే. దీన్ని బట్టీ పట్టమని చెప్పే పెద్దలకు చేతులెత్తి మొక్కుతున్నాను, మానుకోండి. పిల్లల కంగారుకు మూలం ఈ కాగితమే.

ఎందుకంటే బట్టీ పట్టింది గొలుసు లాంటిది. ఒక లంకె తెగితే మిగతాదంతా జారిపోతుంది. ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగినప్పుడు నేర్చుకున్నదాన్ని గుర్తుకు తెచ్చుకునే శక్తి తగ్గుతుంది. అంటే లంకె తెగే అవకాశం ఆ గదిలోనే ఎక్కువ. మూడో వాక్యంలో ఆయన "ఆ ప్రాజెక్టు ఏమిటి?" అని అడ్డు తగిలితే, పిల్లవాడు జవాబు చెప్పలేక మళ్ళీ "మైసెల్ఫ్" దగ్గరికి వెళ్ళిపోతాడు. "బ్లాంక్ అయిపోయాను" అంటారే, చాలావరకు అదే ఇది.

దానికి బదులు నాలుగు మాటలు రాసుకోండి. నాలుగే. వాక్యాలు కాదు, మాటలు. ఉదాహరణకు బీఎస్సీ కంప్యూటర్స్ చదివే అమ్మాయి "కోర్సు, పాల కేంద్రం, ఎక్సెల్, ఈ ఉద్యోగం" అని రాసుకుందనుకోండి. ఊళ్ళో పాల కేంద్రం లెక్కలకు తనే ఒక షీటు తయారుచేసింది. పోసిన లీటర్లు, వెన్న శాతం కొడితే రేటు పట్టికలోంచి ధర అదే తెచ్చుకుంటుంది, పదిహేను రోజులకోసారి ఎవరికెంత ఇవ్వాలో తేలుస్తుంది. ఒకసారి శాతం గడిలో ఎవరో అంకెకు బదులు అక్షరాలు కొట్టేసరికి మొత్తం తప్పొచ్చింది. అందుకని ఆ గడిలో అంకెలు తప్ప ఇంకేమీ పడకుండా కట్టడి పెట్టింది. ఈ సంగతి ఏ వరసలో అడిగినా, ఎక్కడ ఆపినా ఆమె చెప్పగలదు. ఎందుకంటే అది ఆమె చేసిన పని. ఆ నాలుగు మాటల్ని పట్టుకుని రోజూ పైకి మాట్లాడండి, ప్రతిసారీ వాక్యాలు వేరుగా రానివ్వండి. తొంభై సెకన్లు దాటొద్దు. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మనసులో అనుకోవడం సాధన కాదు, నోరు కదలాలి.

రెస్యూమె కూడా ఇదే లెక్క. మీది కాని ప్రాజెక్టు, డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు అందులో ఉంటే, ఎప్పుడడుగుతారోనన్న బెదురు మొదటి క్షణం నుంచీ ఉంటుంది. ఏ ఊపిరి సాధనా దాన్ని తగ్గించదు. ఇవాళ రాత్రి రెస్యూమె తీసి ప్రతి పంక్తి మీదా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏం చేశావు? ఎందుకలా చేశావు? ఎక్కడ చిక్కొచ్చింది? మూడింటికీ జవాబు రాని పంక్తిని కొట్టేయండి. పేజీ సగం మిగిలినా ఫరవాలేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ రోజు పొద్దున ఫోన్ చేసి "ఈసారైనా రావాలి, అప్పు సంగతి తెలుసుగా" అనకండి. వాళ్ళకు తెలుసు. "తిన్నావా?" అని అడగండి, అంతే. తినడం నిజంగా ముఖ్యం. ఖాళీ కడుపుతో కాఫీ తాగితే ఆ దడకు కెఫీన్ దడ తోడవుతుంది. రెండు ఇడ్లీలు తిని వెళ్ళండి. పదింటికి రమ్మని సాయంత్రం నాలుగింటికి పిలవడం మామూలే కాబట్టి బిస్కెట్ ప్యాకెట్, నీళ్ళ సీసా సంచిలో ఉండాలి. లోపలి నుంచి వచ్చినవాళ్ళను చుట్టుముట్టి "ఏమడిగారు?" అనకండి. మిమ్మల్ని అడిగేవి వేరు. మెమోలు, జిరాక్సులు, ఫొటోలు, మూడు రెస్యూమెలు ముందు రోజు రాత్రే ఫైల్లో పెట్టేయండి.

ఫ్రెండ్ చెప్పాడని దడ తగ్గే మాత్ర వేసుకోకండి. ప్రొప్రనొలాల్ లాంటివి డాక్టర్ చూసి ఇవ్వాల్సినవి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరికే ప్రమాదం. భయంతో వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఇంటర్వ్యూలే ఎగ్గొడుతున్నా అది వేరే విషయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

లోపలికి వెళ్ళాక రెండు పాదాలూ నేలకు ఆనించండి. ఫైలు ఒళ్ళో, చేతులు దాని మీద. పెన్ను పట్టుకోకండి, టిక్కు టిక్కుమనిపిస్తారు. మొదటి వాక్యం అయిదారు మాటలకు మించొద్దు, వణికే గొంతుకు పొడుగు వాక్యం మోయలేని బరువు. ప్రతి వాక్యం చివర ఆగండి. కంగారులో వేగం పెరిగిందని మనకు తెలియదు. మాట తట్టకపోతే "ఒక్క క్షణం ఆలోచించుకుంటానండి" అని నిజంగానే ఆలోచించండి. అయిదు సెకన్ల మౌనం మీకు యుగంలా ఉంటుంది, అవతలివాళ్ళు గమనించను కూడా గమనించరు. తెలియనిది తెలియదనండి, ఆ వెంటనే దానికి దగ్గరగా తెలిసింది ఏదైనా ఉంటే చెప్పండి. గొంతు మరీ వణికితే "కొంచెం కంగారుగా ఉందండి" అని ఒక్కసారి అనేయండి. దాచే పని తప్పితే తేలికవుతుంది.

ఇంగ్లీషు గురించి అడుగుతారని తెలుసు. చిన్న వాక్యాలు, వర్తమాన కాలం, మీకు బాగా తెలిసిన మాటలు, అవి చాలు. మాట దొరక్కపోతే "తెలుగులో చెప్పొచ్చా?" అని అడగండి. సివిల్స్‌లో 2025 మార్కులకు 275 మార్కుల ఇంటర్వ్యూను కూడా, మెయిన్స్ తెలుగులో రాసినవాళ్ళు తెలుగులో ఇవ్వొచ్చు. అక్కడ లేని సిగ్గు మనకెందుకు?

వీడియో ఇంటర్వ్యూ అయితే ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి కెమెరా కళ్ళ ఎత్తుకు తేండి, వెలుతురు ఎదురుగా ఉండాలి. తెర మీద మీ బొమ్మ మీకు కనబడకుండా దాచేయండి. దాన్ని చూస్తూ కూర్చుంటే ధ్యాసంతా జుట్టు మీదే ఉంటుంది. కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

ప్రశ్నలు తర్వాత. ముందు కుర్చీలు తిప్పండి. ముగ్గురు బల్ల అటువైపు, ఒకరు ఇటువైపు. ఆ ముగ్గురూ నవ్వకూడదు, తలూపకూడదు, మూడో వాక్యంలో ఒకరు అడ్డు తగలాలి. కాగితాలు అన్నీ సంచుల్లో పెట్టేయండి. తొంభై సెకన్లు నేను చూస్తాను. మొదటి వరస నుంచి ఎవరు వస్తారు?