చంద్రుణ్ణి చూసి ఋతువు చెప్పగలరా? ‘మోఎద్’ అసలు సంగతి

కీర్తనలు 104:19 తీయండి. దేవుడు చంద్రుణ్ణి ఋతువుల కోసం నియమించాడని మన తెలుగు బైబిల్లో ఉంటుంది. సరే, ఇవాళ రాత్రి డాబా ఎక్కి, చంద్రుణ్ణి మాత్రమే చూసి ఇది ఎండాకాలమో చలికాలమో చెప్పండి చూద్దాం. కుదరదు! ఋతువులు సూర్యుడి లెక్క. ఈ వచనం మీద వానలు, పంటలు అంటూ సాగే ప్రసంగం వింటే నాకు ఒళ్లు మండుతుంది.

హీబ్రూలో అక్కడున్నది ‘మోఅదీం’. ఏకవచనంలో ‘మోఎద్’. పెళ్లి ముహూర్తం లాంటిదనుకోండి. వానాకాలంలా దానంతటది వచ్చేది కాదు ముహూర్తం. పెద్దలు కూర్చుని పెట్టాలి, నలుగురికీ చెప్పాలి, పిలిచినవాళ్లు ఆ వేళకి రావాలి. లేవీయకాండం 23లో పస్కా, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ, అన్నీ మోఅదీమే. అక్కడ మనవాళ్లు ‘నియామక కాలములు’ అని చక్కగా రాశారు. కీర్తన దగ్గరికొచ్చేసరికి ఏమైందో మరి!

శుభలేఖలో ముహూర్తం కింద వేదిక కూడా వేస్తాం కదా? మోఎద్‌లో ఆ రెండూ ఉన్నాయి. మోషే గుడారం పేరు ‘ఓహెల్ మోఎద్’, కలుసుకునే గుడారం. మనకి తెలిసిన ‘ప్రత్యక్షపు గుడారము’ అదే.

మరి ముహూర్తం పెట్టేదెవరు? పూర్వం యూదుల్లో నెలవంక చూశామని సాక్షులు వచ్చి చెప్పేవారు, వాళ్ల న్యాయసభ ఒప్పుకుని నెల మొదలైందని ప్రకటించేది. పండుగ తేదీ దాన్నిబట్టే. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయాక సభకి పెద్ద రబ్బాన్ గమలీయేలు (పౌలు గురువు కాదు, ఆయన మనవడు). గోడ మీద చంద్రుడి బొమ్మలు పెట్టుకుని “ఇలా కనిపించాడా, అలా కనిపించాడా?” అని సాక్షుల్ని నిలదీసేవాడని మిష్నా (యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనం) చెబుతుంది. నాకు భలే ఇష్టం ఈ సన్నివేశం.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఓసారి ఆయన ఒప్పుకున్న సాక్ష్యం చెల్లదన్నాడు రబ్బీ యెహోషువ. “అయితే నీ లెక్కలో ప్రాయశ్చిత్త దినం పడే రోజునే చేతికర్ర, డబ్బు పట్టుకుని నా దగ్గరికి రా” అని గమలీయేలు ఆజ్ఞ. అంత పవిత్ర దినాన అవి పట్టుకు తిరగకూడదు! మనసు చివుక్కుమన్నా యెహోషువ వెళ్లాడు. అకీబా అనే మరో రబ్బీ ఆయనకి చెప్పిన సమాధానం: “మీరు చాటించాలి” అని లేఖనంలోనే ఉంది, కాబట్టి సభ చాటిందే మోఎద్, లెక్క తప్పినా సరే.

ఋతువుతో అసలు సంబంధమే లేదా అంటారా? ఒకచోట ఉంది. పన్నెండు చాంద్రమాసాలు సౌర సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. పస్కా వసంతంలోనే రావాలి గనక అదారు నెలని రెండుసార్లు లెక్కేస్తారు, ఇప్పటి యూదుల పంచాంగంలో 19 ఏళ్లకి 7 సార్లు. మన అధిక మాసం తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.