‘కాదు’ అనాలా, ‘వద్దు’ అనాలా: ఈ-లెర్నింగ్ లేబుళ్ల అనువాదంపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారమండీ, లైన్‌లో ఉన్నారు, మీ సమస్య చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. కంప్యూటర్‌పై నేర్చుకునే కోర్సులు తయారుచేసే స్టోరీలైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారైన ఒక భద్రతా శిక్షణ కోర్సును నేను తెలుగులోకి మార్చాను. స్లయిడ్లలోని పాఠ్యమంతటినీ వర్డ్ ఫైలుగా బయటికి తీసి, అనువదించి, మళ్లీ లోపలికి చేర్చాను. పాఠం చక్కగా తెలుగులో కనిపించింది. అయితే ఒక ఉద్యోగి జవాబు ఎంచుకోకుండానే బటన్ నొక్కగానే తెరపై ఇంగ్లీషు హెచ్చరిక వచ్చిందట. అది ఏ స్లయిడ్‌లో ఉందో ఎంత వెతికినా దొరకలేదండీ.

నిపుణురాలు: అది ఏ స్లయిడ్‌లోనూ ఉండదండీ, ప్లేయర్‌లో, అంటే స్లయిడ్ల చుట్టూ బటన్లతో కనిపించే చట్రంలో ఉంటుంది. ప్లేయర్ సెట్టింగుల్లో టెక్స్ట్ లేబుల్స్ అనే భాగాన్ని తెరిస్తే ఒక పట్టిక కనిపిస్తుంది. అందులో ఒక వరుసలో అసలు మాట, దాని పక్కన మీరు రాసుకోవడానికి చోటు ఉంటాయి. మీరు చెప్పిన హెచ్చరికతో పాటు, మధ్యలో ఆపిన కోర్సును మళ్లీ తెరిచినప్పుడు వచ్చే ప్రశ్న కూడా అక్కడే ఉంటుంది. కోర్సులు తయారుచేసే మరో సాఫ్ట్‌వేర్ రైజ్‌లో కూడా ఇలాంటి లేబుళ్లకు, అంటే బటన్లపైనా హెచ్చరికల్లోనూ వచ్చే మాటలకు, సెట్టింగుల్లో విడిగా చోటు ఉంది.

శ్రోత: అయితే ఆ పట్టికను వరుసగా అనువదించుకుంటూ పోతే సరిపోతుందా అండీ?

నిపుణురాలు: సరిపోదండీ, చాలామంది పొరబడేది అక్కడే. ఒక్క ఉదాహరణ చూడండి. ‘ఆపిన చోటి నుంచి కొనసాగించాలా?’ అనే ప్రశ్న కింద ‘అవును’, ‘కాదు’ అని రెండు బటన్లు పెట్టారనుకోండి. ఇంగ్లీషులో ‘నో’ ఒక్క మాటే అన్ని చోట్లా పనికొస్తుంది. కానీ మనం ‘ఇది మీ పుస్తకమా?’ అన్నదానికి ‘కాదు’ అంటాం, ‘వడ్డించమంటారా?’ అన్నదానికి ‘వద్దు’ అంటాం. ఇక్కడ అడుగుతున్నది ఒక పని చేయాలా అని కాబట్టి ‘వద్దు’ అనే రాయాలి. పట్టికలో ఆ మాట ఒంటరిగా కనిపిస్తుంది గనక, అది ఏ ప్రశ్న కింద వస్తుందో తెరపై చూడకుండా దాన్ని నిర్ణయించకూడదు. అదే బటన్ ఇంకో ప్రశ్న కింద కూడా వస్తుంటే, ఆ ప్రశ్నను కూడా ‘వద్దు’ అతికేలా తిరగరాయండి.

వ్యాఖ్యాత: ‘సబ్మిట్’ను చాలామంది ‘సమర్పించు’ అంటుంటారు కదండీ?

నిపుణురాలు: ఆ మాట వినగానే నాకు అర్జీయో నైవేద్యమో గుర్తుకొస్తుందండీ. ప్రశ్నకు జవాబు ఇచ్చే చోట ‘జవాబు పంపండి’ అంటే చదివేవారికి తడుముకోవలసిన పని ఉండదు. ఒక బటన్‌పై ‘పంపండి’ అని, మరోదానిపై ‘మూసివేయి’ అని రాస్తే మాత్రం ఒకచోట గౌరవించి మరోచోట ఏకవచనంలో పిలిచినట్లు ఉంటుంది కాబట్టి, మొదట్లోనే ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

శ్రోత: కొన్ని వాక్యాల మధ్య శాతం గుర్తులతో ఏవో సంకేతాలు ఉన్నాయండీ, వాటిని అనువదించాలా?

నిపుణురాలు: వాటిలో ఒక్క అక్షరం కూడా మార్చకండి, సంఖ్యలు వచ్చి చేరేది అక్కడే. కానీ మన వాక్యక్రమం వేరు గనక, మొత్తం ప్రశ్నల సంఖ్య ముందుకు వచ్చి ‘10 ప్రశ్నలలో 3వ ప్రశ్న’ అవుతుంది. అందుకని సంకేతాన్ని సంకేతంగానే మొత్తంగా జరిపి, ప్రస్తుత ప్రశ్న సంఖ్య వచ్చే సంకేతం వెనుక ‘వ’ చేర్చండి. ఏ అంకె వచ్చినా అది అతుకుతుంది.

శ్రోత: తర్వాతి కోర్సుకు ఇదంతా మళ్లీ మొదటినుంచి చేయాలా అండీ?

నిపుణురాలు: అక్కర్లేదు. అదే పట్టికను ఎక్స్ఎంఎల్ ఫైలుగా దాచుకుని, కొత్త ప్రాజెక్టులో లోడ్ చేసుకోవచ్చు. ఆ తర్వాత కోర్సును ప్రచురించి, నేర్చుకునేవారిలా నడిపి చూడండి: జవాబు ఎంచుకోకుండా బటన్ నొక్కండి, మధ్యలో మూసి మళ్లీ తెరవండి, పరీక్షలో కావాలని తప్పండి. బటన్లలో వత్తుల అడుగుభాగం తెగిపోతోందేమో ఫోన్ తెరపై కూడా గమనించండి. కంటికి కనిపించకుండా, తెరపై ఉన్నదాన్ని బయటికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రమే చదివే లేబుళ్లు కూడా ఆ పట్టికలో ఉంటాయి, కనబడవు కదా అని వాటిని వదిలేయకండి. చూపు లేనివారికి ఆ బటన్ ఏమిటో తెలిసేది వాటివల్లనే.

శ్రోత: ఈ రోజే ‘కాదు’ను ‘వద్దు’గా మార్చేస్తానండీ, ధన్యవాదాలు.