బైపీసీ చదువుతూ ఎంబీబీఎస్‌పై మనసు కుదరడం లేదా? మార్చిలోపు తేల్చుకోవాల్సినవి

[తెరపై: మార్చి నుంచి జూన్ వరకు క్యాలెండర్]

నమస్కారం. ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీలో ఉన్నారు, డాక్టరు చదువు మనకు సరిపోతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఇలాంటప్పుడు ఇంట్లో ఎక్కువగా వినిపించే మాట "ముందు నీట్ రిజల్ట్ రానీ, తర్వాత చూద్దాం". చిక్కంతా అక్కడే. 2025నే తీసుకోండి. నీట్ ఫలితాలు జూన్ 14న వచ్చాయి. అప్పటికి అగ్రికల్చర్, ఫార్మసీ లాంటి సీట్లకు రెండు తెలుగు రాష్ట్రాలు పెట్టే ఈఏపీసెట్‌లూ అయిపోయాయి. కేంద్ర ప్రభుత్వ సైన్స్ పరిశోధన విద్యాసంస్థలైన ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీ మే 25నే జరిగిపోయింది. కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ దరఖాస్తుల గడువు మార్చిలోనే దాటింది. అందుకే మనసు కుదిరినా కుదరకపోయినా ఫారాలు మాత్రం ముందే నింపి పెట్టుకోండి.

ఈఏపీసెట్ రాసేటప్పుడు నీట్ అలవాటు దెబ్బతీస్తుంది. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి తెలియనివి వదిలేస్తాం. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కటి కూడా ఖాళీగా వదలకండి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఇంకో మాట: అక్కడ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. నీట్ ధ్యాసలో పడి ఇంటర్ పరీక్షలను పక్కన పెడితే ర్యాంకు వెనక్కి పోతుంది.

[తెరపై: బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్, నాలుగేళ్లు]

బయాలజీ ఇష్టమే కానీ ఆసుపత్రి వాతావరణం పడదనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక ఫార్మసీ వెబ్ ఆప్షన్లలోనే అగ్రికల్చర్ కాలేజీలూ కనిపిస్తాయని కొందరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. అవి అక్కడ రావు. వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి పొలం కాగితాలతో పాటు, ఇంటర్‌తో కలిపి పన్నెండేళ్ల చదువులో కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ పరిధి బయట చదివినట్టు సర్టిఫికెట్లు కావాలి. చిన్నప్పుడు చదివిన బడి మూతపడి ఉంటే ఆ కాగితం కోసం మండల విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. కౌన్సెలింగ్ దాకా ఆగకుండా వేసవిలోనే తెచ్చుకోండి.

ఈ డిగ్రీతో వ్యవసాయ అధికారి పోస్టులే కాదు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగాలకూ రాయొచ్చు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ దానికి వ్యవసాయ అనుబంధ కోర్సుల్లో నాలుగేళ్ల డిగ్రీ అడుగుతుంది. మామూలు మూడేళ్ల బీఎస్సీ జువాలజీ, బోటనీ చెల్లవు. ప్రైవేటు కాలేజీలో చేరేముందు మాత్రం ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి. లేకపోతే పీజీ దగ్గర దారి మూసుకుపోతుంది.

[తెరపై: బీఫార్మసీ, ఫార్మ్‌డీ పక్కపక్కన]

బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్‌డీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు. ఈ తేడా ఏళ్లతో ఆగిపోదు. మందుల తయారీ, క్వాలిటీ కంట్రోల్, రెగ్యులేటరీ పనులు కావాలంటే బీఫార్మసీ చాలు, హైదరాబాద్ చుట్టూ ఆ పరిశ్రమ ఉంది. ఆసుపత్రిలో రోగుల మందుల తీరు పరిశీలించే పని కావాలంటే ఫార్మ్‌డీ. ఒకటి స్పష్టంగా తెలుసుకుని చేరండి: ఫార్మ్‌డీ చేసినా మన దేశంలో సొంతంగా ప్రిస్క్రిప్షన్ రాసే అధికారం ఉండదు. ఎంబీబీఎస్‌కు బదులుగా దీన్ని తీసుకుంటే తర్వాత నిరాశ తప్పదు. అమెరికాలో ఫార్మసిస్ట్ లైసెన్సు కావాలనుకునేవాళ్లకు లెక్క మారుతుంది. 2003 తర్వాత పట్టా పొందినవాళ్లకు అక్కడ కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ దానికి సరిపోదు, ఫార్మ్‌డీ సరిపోతుంది.

పరిశోధన వైపు మనసుంటే తిరుపతి ఐసర్ లాంటి చోట్ల డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ఐఏటీలో 60 ప్రశ్నలు: బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి తలా 15. ప్రతి ప్రశ్నకూ నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. పదో తరగతితో లెక్కలు వదిలేసిన బైపీసీ వాళ్లకు చివరి 15 గోడలా నిలబడతాయి. మిగతా 45 గట్టిగా చేసుకుని, మ్యాథ్స్‌లో 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ తేలిక అధ్యాయాలు రెండు మూడు పట్టుకోండి, తెలియనివి ఊహించి పెట్టొద్దు. సీటు వచ్చాక కూడా మొదటి ఏడాది మ్యాథ్స్ పేపర్లు ఉంటాయి. లెక్కలంటే బొత్తిగా పడనివాళ్లు ఇటు రాకపోవడమే మంచిది.

రోగులతో పని ఇష్టం, ఎంబీబీఎస్ పోటీయే భయం అనుకుంటే నర్సింగ్, కంటిచూపు పరీక్షలకు సంబంధించిన ఆప్టోమెట్రీ, వినికిడి-మాట లోపాలకు సంబంధించిన బీఏఎస్ఎల్‌పీ ఉన్నాయి. మూడూ కనీసం నాలుగేళ్ల కోర్సులే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్షను బీఎస్సీ నర్సింగ్ వాళ్లు నేరుగా రాయొచ్చు, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం వాళ్లకైతే రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఫీజు కట్టేముందు నర్సింగ్‌కు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ (పీసీఐ), బీఏఎస్ఎల్‌పీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) వెబ్‌సైట్లలో కాలేజీ పేరు స్వయంగా వెతకండి. కాలేజీ గోడ మీద రాసిన "గుర్తింపు పొందినది" అన్న మాటను నమ్మి కట్టొద్దు.

వెటర్నరీ ఆలోచన ఉన్నవాళ్లు నీట్ మానొద్దు. దేశవ్యాప్తంగా వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లు నీట్ ర్యాంకుతోనే నింపుతారు.